మొదటి బొంత మూలలు కలవలేదు. విప్పాలా, ఉంచాలా?

ఏటిగట్టు (రాజోలు), ఆదివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మీ మాటలు చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా చెల్లికి కార్తికంలో పురుడు. పుట్టబోయే బిడ్డ కోసం నా చేత్తో ఒక బొంత కుట్టాలనుకున్నాను. జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గర మిగిలిన నూలు ముక్కలు, అమ్మ పాత చీరలు, నాన్న లుంగీ ఒకటి పోగుచేశాను. మూడున్నర అంగుళాల చదరాలు 180 కోశాను. తొమ్మిదేసి చదరాలు కలిపితే ఒక గడి. అలాంటి గడులు 20, అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు. అన్నీ సరిగ్గా కుదిరితే 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు రావాలి.

రాలేదు. కలపక ముందు ఒక్కో గడి తొమ్మిదిన్నర అంగుళాలు ఉండాలి. చాలావరకు తొమ్మిదే ఉన్నాయి. రెండు మూడు తొమ్మిదీ ముప్పావు ఉన్నాయి. లాగి, సర్ది కలిపేశాను. ఇప్పుడు ఏ మూలా పక్క మూలతో కలవడం లేదు. కింద అమ్మ చీర అస్తరుగా వేసి, మధ్యలో పాత నేత దుప్పటి పెట్టి, మూడూ కలిపి చేత్తో కుట్టడం మొదలుపెట్టాను. సగం అయ్యాక తిప్పి చూస్తే వెనక చీర అంతా మడతలు పడి ఉంది.

నిన్న మా ఇంటికి వచ్చిన బంధువు ఒకావిడ చూసి "అతుకుల బొంతలా ఉందే" అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారేమో. నేను మాత్రం దాన్ని మడిచి బీరువా అడుగున పెట్టేశాను. ఆరు వారాలు, రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని చేసిన పని అది. మొత్తం విప్పి మళ్లీ కుట్టనా? పురిటికి మూడు వారాలే ఉంది. లేకపోతే బజారులో ఒకటి కొని ఇచ్చేయనా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

దారపుఉండ (పాలకొల్లు), ఆదివారం రాత్రి 10:40

ఈ రాత్రికి ఆ బీరువా తెరవకండి, కత్తెర ముట్టుకోకండి. మనసు బాగాలేనప్పుడు కుట్లు విప్పితే గుడ్డ కూడా చిరుగుతుంది. నేను అలాగే మా అమ్మ చీర కొంగు ఒకటి పాడుచేసుకున్నాను, ఇప్పటికీ ఆ బాధ పోలేదు. రేపు పగటి వెలుతురులో రెండువైపులా ఫొటోలు తీసి పెట్టండి.

సుద్దముక్క (రావులపాలెం), సోమవారం ఉదయం 6:20

అమ్మా, నేను 30 ఏళ్లుగా మిషను మీద కూర్చుంటున్నాను. మీరు చెప్పిన కొలతలు చూస్తేనే లోపం ఎక్కడుందో తెలుస్తోంది. మీ కత్తిరింపు బాగానే ఉంది. తేడా అంతా కుట్టు దగ్గర వచ్చింది.

మూడున్నర అంగుళాల చదరాలు మూడు వరసగా పెడితే పదిన్నర. వాటి మధ్య కుట్లు రెండు. ప్రతి కుట్టుకూ అటు పావు, ఇటు పావు అంగుళం లోపలికి పోవాలి. రెండు కుట్లకు కలిపి ఒక అంగుళం పోతే తొమ్మిదిన్నర మిగులుతుంది. మీకు తొమ్మిది వచ్చిన గడుల్లో కుట్టు పావు అంగుళం దగ్గర పడలేదు, అంగుళంలో ఎనిమిదో వంతు ఇంకా లోపలికి పడింది. కుట్టేటప్పుడు అది బియ్యపు గింజంత తేడా. కానీ గుడ్డకు రెండు అంచులు, గడిలో రెండు కుట్లు. నాలుగుసార్లు ఆ గింజంత పోయి అరంగుళం తగ్గింది. అడ్డంగా నాలుగు గడులు పెట్టేసరికి రెండంగుళాలు. చెయ్యి తిరగకపోవడం వేరు, కొలత తెలియకపోవడం వేరు. మీది రెండోది. అది ఒక్క పూటలో సరిపోతుంది.

మిషనులో గుడ్డను నొక్కిపట్టే పాదం ఉంటుంది కదా, దాని అంచునే పావు అంగుళం అనుకుని కుట్టి ఉంటారు. చాలా మిషన్లలో పాదం అంతకన్నా వెడల్పు. చక్రం తిప్పి సూదిని కిందికి దించండి. సూది దగ్గర నుంచి స్కేలుతో పావు అంగుళం కొలిచి, పలక మీద సరిగ్గా అక్కడ టేపు ముక్క అంటించండి. ఇక గుడ్డ అంచు ఆ టేపును ఆనుకుని నడవాలి. మీ కళ్లు సూదిని చూడకూడదు, టేపును చూడాలి. తరవాత అంగుళంన్నర వెడల్పు పట్టీలు మూడు కలిపి కుట్టండి. నడిమి పట్టీ సరిగ్గా అంగుళం వచ్చిందా, టేపు సరైన చోటే ఉంది. రాలేదా, దాన్ని అటో ఇటో జరపండి.

ఇంకో సంగతి. మీరు తొమ్మిది వచ్చిన గడుల గురించి బాధపడుతున్నారు. నాకు తొమ్మిదీ ముప్పావు వచ్చిన వాటి గురించి భయంగా ఉంది. వాటిలో కుట్టు గుడ్డ అంచుకు మరీ దగ్గరగా పడింది. చూడటానికి అవే నిండుగా ఉంటాయి. నాలుగు ఉతుకుల్లో పోగులు జారి విడిపోయేవి కూడా అవే. ముందు వాటిని వెతకండి.

కొత్తసూది (యానాం), సోమవారం ఉదయం 9:05

ఏటిగట్టు గారూ, మీరు రాసినది చదువుతుంటే నా మాటలే ఎవరో రాసినట్టుంది. నేను నిరుడు ఐదు గడుల దగ్గర ఆపేశాను. అవి బిస్కెట్ల డబ్బాలో అలాగే ఉన్నాయి. వీడియోల్లో చూసిన బొంతల్లో మూలలు గీత గీసినట్టు కలుస్తాయి. నావి కలవకపోయేసరికి ఈ పని నాకు రాదని తేల్చేసుకున్నాను.

టైలరు గారు చెప్పిన మూడు పట్టీల పరీక్ష ఇప్పుడే చేశాను. నడిమి పట్టీ ముప్పావు అంగుళమే వచ్చింది. ఏడాదిగా నా చేతులను తిట్టుకుంటున్నాను. తేడా పాదం దగ్గర ఉందని ఎవరూ చెప్పలేదు.

ఏటిగట్టు, సోమవారం మధ్యాహ్నం 2:30

ఫొటోలు పెట్టాను. మొదటివి ముందువైపు, చివరి నాలుగూ వెనకవైపు. సుద్దముక్క గారూ, మీరు అన్నట్టే పాదం అంచునే కొలతగా పెట్టుకున్నాను. మా అమ్మ మిషను అది. జాకెట్లు కుట్టినప్పుడు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

సుద్దముక్క, సోమవారం మధ్యాహ్నం 2:50

రాదమ్మా. జాకెట్టుకు లోపల ఎక్కువ గుడ్డ వదులుతాం, తేడా వస్తే తరవాత సర్దుకుంటాం. బొంతలో ఆ వెసులుబాటు లేదు.

మామ్మగారి పెట్టె (పి.గన్నవరం), సోమవారం సాయంత్రం 7:10

తల్లీ, ముందు ఆ "అతుకుల బొంత" మాట సంగతి. అతుకులు లేకుండా బొంత ఎక్కడుంటుంది? ఆవిడ ఉన్న పేరే పెట్టి పిలిచారు. బీరువా అడుగున దాచుకోవాల్సిన మాట కాదు అది.

మాది గోదావరి నడిమి లంక. 1986 ఆగస్టు వరదప్పుడు నాకు పదేళ్లు. ఇల్లు వదిలి గట్టు మీదికి చేరినప్పుడు మా వెంట వచ్చినవి రెండు బిందెలు, ఒక బియ్యం మూట, ట్రంకు పెట్టె, మా మామ్మ కుట్టిన బొంత. పగలు దాన్ని వెదురు గడల మీద కప్పితే మాకు నీడ. రాత్రి పరిస్తే పిల్లలందరికీ పక్క. ఒండ్రు పట్టి ఇద్దరు మోయాల్సినంత బరువెక్కింది. వరద తీశాక మూడుసార్లు ఉతికి కొబ్బరి మట్టల దడి మీద ఆరేశారు. ఒక్క కుట్టు కదలలేదు. ఆ బొంత ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అందులో ఒక్క వరస తిన్నగా లేదు. ఆరు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలలా కూర్చుని కుట్టిన బొంత అది. మా మేనత్తవి చీమల బారులాంటి కుట్లు. పక్కింటి పిన్నిగారివి వాలుగా పోతాయి. ఒక చోట చీర చాలక తాతయ్య పంచె ముక్క వేశారు, అది రంగుల మధ్య తెల్లగా కనిపిస్తుంది. ఒక మూల నాది. అది కుట్టేనాటికి నాకు తొమ్మిదేళ్లు, సూదిలోకి దారం కూడా మామ్మే ఎక్కించి ఇచ్చేది.

మామ్మ చూపు అప్పటికే తగ్గింది. అందుకని పనిని చిటికెన వేలితో చూసేది. కుట్టు కిందికి వేలు దూరిందంటే "ఇది విప్పు, పిల్లల కాలి వేలు తగులుకుంటుంది" అనేది. దూరకపోతే ఆ కుట్టు వంకరైనా సరే ముట్టుకోనిచ్చేది కాదు. నా మూలలో నాలుగు వరసలు విప్పించింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే తిన్నగా వచ్చాయని నేను మురిసిపోయిన వరసలే అవి. పొడుగ్గా, వదులుగా వేసుకుంటూ పోతే తిన్నగానే వస్తాయి. నేను వంకరగా కుట్టిన వరసలు మాత్రం అలాగే ఉన్నాయి.

కొబ్బరిమట్ట (అంబాజీపేట), సోమవారం రాత్రి 8:00

నాకు కుట్టడం రాదు. మా అమ్మ కుట్టిన బొంత కింద పడుకుని పెరిగినవాడిని. ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలువల మీద మంచు కమ్ముకుంటే ఆ బొంత వదిలి లేవబుద్ధి అయ్యేది కాదు. నా మాట వింటే మూలలు కలవకపోవడమే ఆ బొంతకు అందం. ఏమీ మార్చకుండా ఇచ్చేయండి.

లేసుసూది (నరసాపురం), సోమవారం రాత్రి 9:25

కొబ్బరిమట్ట గారూ, మీ అమ్మగారి మీద ప్రేమతో అన్నారని తెలుసు. కానీ నేర్చుకుంటున్న మనిషితో అలా అనకూడదని నా గట్టి నమ్మకం. ఆమె మూలలు కలవాలని కోరుకుంది. కలవకపోవడమే అందం అంటే ఆ కోరికను పక్కకు నెట్టేసినట్టు. ఎలా కలుస్తాయో చెప్పాలి.

నేను పదహారో ఏట మా అత్తగారి దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నాను. గుండ్రటి అల్లికలో ఒక చుట్టుకు లెక్క తగ్గితే గిన్నెలా పైకి లేస్తుంది. ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పడుతుంది. ఆ తప్పు అక్కడితో ఆగదు, తరవాతి చుట్లన్నిటికీ పాకుతుంది. అందుకని అత్తగారు కనిపెట్టగానే మారుమాట లేకుండా దారం లాగేసేవారు. పూటంతా చేసిన పని రెప్పపాటులో ఉండలోకి తిరిగి వెళ్లిపోయేది. మా నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఊరంతా సంతోషించినప్పుడు నాకు గుర్తొచ్చింది అలా విప్పిన దారమే.

కాబట్టి నేను విప్పమనే పక్షం. అయినా, ఏటిగట్టూ, నీ ఫొటోలు చూశాక మూలల జోలికి వెళ్లవద్దనే చెబుతున్నాను. (నాకంటే చిన్నదానివని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.) గడులన్నీ కలిపేశావు కాబట్టి ఆ తప్పు ఇక పెరగదు. వెనక మడతలు మాత్రం పెరుగుతాయి. ఇంకా సగం కుట్టాలి కదా, కుట్టేకొద్దీ మిగులు గుడ్డ ఒక పక్కకు చేరి చివరికి పెద్ద మడతై కూర్చుంటుంది. చేతి కుట్లే కాబట్టి ఆ సగం విప్పడం ఒక మధ్యాహ్నం పని. బాధపడకుండా విప్పు.

తరవాత గచ్చు మీద అస్తరు చీరను తిరగేసి పరిచి, అంచులు టేపుతో నేలకు అంటించు. ముడత లేకుండా ఉంటే చాలు, సాగదీయకు. సాగదీస్తే టేపు తీయగానే మళ్లీ ముడుచుకుంటుంది. దాని మీద దుప్పటి, ఆపైన నీ గడులు. ప్రతి దశలోనూ అరచేత్తో నడుమ నుంచి అంచులకు నిమురు. జానెడు దూరానికి ఒక టాకా వేసుకో. ఆ తరవాతే అసలు కుట్టు, అది కూడా నడుమ నుంచి బయటికి. దారం మూర పొడవు మించకుండా తుంచుకో.

కొబ్బరిమట్ట, సోమవారం రాత్రి 9:50

మీరు చెప్పింది సబబే. నేను కప్పుకునేవాడి వైపు నుంచే ఆలోచించాను. అయినా ఆ వైపు కూడా ఆమెకు తెలియాలని రాశాను.

వలసపిట్ట (సొంతూరు మండపేట, ఉండేది హైదరాబాదు), మంగళవారం ఉదయం 7:45

నడుమ నుంచి బయటికి అన్నారు గనుక ఒక విశేషం. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్ది స్త్రీలు "కవంది" అనే బొంత కుడతారు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుముకు చేరుకుంటారు. ముక్కలను ముందుగా కలిపి పెట్టుకోరు. కుట్టుకుంటూ పోతూ, చేతికందిన ముక్క అంచు మడిచి అక్కడికక్కడే చేర్చేస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ ముక్కలు పెడితేనే వారి లెక్కలో పని పూర్తయినట్టు. ఆ పద్ధతిలో రెండు మూలలు కలవాలన్న ప్రశ్నే రాదు. ఏటిగట్టు గారు ఎంచుకున్నది చదరాల గడుల పద్ధతి. మొదటిసారికే గుండుసూది మొనంత తేడా కూడా బయటపెట్టే నమూనా పట్టుకున్నారు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చోటు ఉంది. మన లంకల్లాగే మూడు వైపులా ఏరు చుట్టిన నేల. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనిలో అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు కోసి చలికి బొంతలు కుట్టుకున్నారు. గీతలు వంగుతాయి, పట్టీల వెడల్పు దారిలోనే మారిపోతుంది. 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియం వాటిని గోడలకు వేలాడదీసి ప్రదర్శించింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. ఆ బొంతల ఫొటోలు నేను గంటల తరబడి చూశాను. వంకర గీతలున్న చోట కూడా ఆ చేతులకు ఎక్కడా తడబాటు లేదు. ఎన్నో బొంతలు కుట్టాక గానీ అలాంటి ధైర్యం రాదని నాకు అనిపిస్తుంది. మొదటి బొంతకు ఆ ధైర్యం లేదని బాధపడనక్కరలేదు.

కాటుకభరిణె (భీమవరం), మంగళవారం మధ్యాహ్నం 1:15

నేను ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేస్తాను. కుట్టు గురించి కాదు, బిడ్డ గురించి ఒక మాట. ఏడాది నిండేదాకా నిద్రపోతున్న బిడ్డ మీద బొంత కప్పకూడదు, పక్కలో వదులుగా వదలకూడదు. ముఖం మీదికి వస్తే తీసుకునే శక్తి పసివాళ్లకు ఉండదు. మేలుకుని ఉన్నప్పుడు, పెద్దవాళ్లు దగ్గరుండగా, చాప మీద పరిచి ఆడించడానికి చక్కగా పనికొస్తుంది. పూసలు, గుండీలు కుట్టవద్దు. ఈ ముక్క చెల్లెలికి తప్పకుండా చెప్పండి.

సుద్దముక్క, మంగళవారం రాత్రి 8:30

లేసుసూది గారు మూలలు ఎలా కలుస్తాయో చెప్పాలన్నారు. తరవాతి బొంతకు పనికొస్తుంది, రాసేస్తున్నాను.

గడిలో మొదటి వరస చదరాలు కలిపాక వెనక కుట్టు అంచులను కుడివైపుకు మడిచి ఇస్త్రీ చేయండి. రెండో వరసవి ఎడమవైపుకు. మూడోది మళ్లీ కుడికి. రెండు వరసలను ఎదురెదురుగా పెట్టినప్పుడు ఆ మడతలు ఒకదాన్నొకటి ఆనుకుని గట్టిగా కూర్చుంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చి కుట్టండి, మూల కలుస్తుంది. ఇస్త్రీపెట్టెను గుడ్డ మీద ఈడ్చకండి, నొక్కి ఎత్తండి. ఈడిస్తే చదరం కాస్తా సాగుతుంది. ఐమూలగా కోసిన ముక్కలైతే మరీను.

ఇంత చేసినా గడుల కొలతలో తేడా వస్తే అన్నిటినీ చిన్న గడి కొలతకు కోసి, గడికీ గడికీ మధ్య రెండంగుళాల పట్టీ వేయండి. రెండు గడుల మూలలు ఎదురుపడవు గనుక తేడా కంటికి ఆనదు. నేను ఇప్పటికీ చేసే పని అది.

ఏటిగట్టు, గురువారం సాయంత్రం 5:40

నిన్న బొంత మళ్లీ బయటికి తీశాను.

ముందు సుద్దముక్క గారు చెప్పిన పెద్ద గడులు వెతికాను, మూడున్నాయి. వాటిలో రెండు చోట్ల అప్పుడే పోగులు జారి కుట్టు దాకా వచ్చేశాయి. ఆరు వారాలుగా అన్నిటికన్నా బాగా వచ్చాయని నేను నడుమ పెట్టుకున్న గడులు అవి! అక్కడ లోపలికి మళ్లీ కుట్టు వేశాను. ఇప్పుడు అవి కూడా మిగతా వాటిలాగే చిన్నవయ్యాయి.

వెనక మడతలున్న కుట్లన్నీ విప్పాను. లేసుసూది అక్కా, మధ్యాహ్నం అన్నారు గానీ నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. నువ్వు అనడమే నాకు నచ్చింది. ఒంటరిగా విప్పుతుంటే మొదట ఏడుపొచ్చింది. తరవాత మా అమ్మ వచ్చి అవతలి వైపు కూర్చుంది. ఏ ముక్క ఎప్పటి చీరో చెబుతూ తనూ విప్పింది. ఆ లేత పసుపు ముక్క నా బారసాలనాడు కట్టుకున్న చీరట. ఇన్నేళ్లూ నాకు తెలియదు.

మామ్మగారి పెట్టె, గురువారం రాత్రి 7:00

అమ్మ చేత కూడా ఒక మూల కుట్టించు తల్లీ.

కొత్తసూది, శనివారం ఉదయం 10:20

డబ్బాలోని ఐదు గడులూ తీశాను. మూడు పట్టీలకు మూడు ప్రయత్నాలు పట్టాయి గానీ అంగుళం వచ్చింది. ఆరో గడి కుట్టాను. పాత ఐదింటి పక్కన పెడితే తేడా స్పష్టంగా తెలుస్తోంది. వాటిని విప్పడం లేదు. చిన్న కొలతకు కోసి, పట్టీలు వేసి, ఆరింటితో బల్ల మీద పరిచే గుడ్డ ఒకటి చేస్తాను.

ఏటిగట్టు, మూడు వారాల తరవాత, బుధవారం రాత్రి 9:10

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

బొంత పురిటికి రెండు రోజుల ముందు పూర్తయింది. చివరి రోజు దీపం పెట్టే వేళ అమ్మా నేనూ చెరో పక్క నుంచీ చిటికెన వేలితో ప్రతి కుట్టూ చూశాం. 11 చోట్ల దూరింది. ఆ 11 విప్పి మళ్లీ వేశాం. అందులో ఏడు నావి, నాలుగు అమ్మవి. మూలలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. చాప మీద పరిచి పాపను పడుకోబెడితే అవి నాకు కనిపిస్తూనే ఉన్నాయి, దాచను. కానీ నా చూపు వాటి మీద ఎక్కువసేపు నిలవలేదు. కాటుకభరిణె గారి మాట చెల్లికీ, వాళ్ల అత్తగారికీ ఇద్దరికీ చెప్పాను.

ఆ "అతుకుల బొంత" అన్న బంధువు చూడటానికి వచ్చారు. పాప పక్కన కూర్చుని బొంతను నిమురుతూ, "మా అమ్మ కూడా ఇలాగే కుట్టేది" అన్నారు. ఇంకేమీ అనలేదు.

రెండోదానికి ముక్కలు కోస్తున్నాను. ఈసారి మధ్యలో పట్టీలు వేస్తాను. బండారులంక నేత చీర ఒకటి ఉంది, ముదురు ఎరుపు, అంచు దగ్గర చిరిగింది. పట్టీలకు అది వాడవచ్చా?

లేసుసూది, బుధవారం రాత్రి 9:30

పాపకు నా దీవెనలు. చీర కోయకముందు ఒక మూల తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి గట్టిగా ఒత్తి చూడు. ఎరుపు దిగితే విడిగా నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించు. ఆరాక మళ్లీ ఒత్తి చూసి, అప్పుడు నాకు చెప్పు.